సర్ థామస్ మన్రో – అనంతపురం నేర్పిన పాఠం

దత్తమండలాలలో ఒకానొక కాలమున పల్లెటూరి తల్లిదండ్రులు తమ బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొనేవారు. తిమ్మప్ప, హనుమప్ప, ఓబులప్ప అనే పేర్ల సరసన, సముద్రాల కావలి నుండి వచ్చిన ఒక దొర పేరు కూడ ఇంటి పేరుతో కలిసిపోయి పిలువబడినది. దైవము పేరు, తాత పేరు పెట్టుకొనుట మనకు అలవాటే. కాని పన్ను వసూలు చేసిన అధికారి పేరును, ఆ పన్ను కట్టిన రైతు తన కొడుకునకు పెట్టుకొనుట లోకములో ఎక్కడనో గాని కనబడదు. దీనికి కారణమేమి? భయమా, భక్తియా, కృతజ్ఞతయా? ఈ ప్రశ్నకు సమాధానము ఆయన జీవితములోనే వెదకవలసి ఉన్నది.

సర్ థామస్ మన్రో మద్రాసు రాజధానికి గవర్నరుగా ఉండిన సంగతి, రైత్వారీ పద్ధతికి ఆయన పేరు ముడిపడిన సంగతి మన పాఠ్యపుస్తకములు చెప్పుచునే ఉన్నవి. కాని ఆయన బాల్యమున మనసు పెట్టి చదివినది రాజనీతి కాదు, రసాయన శాస్త్రము. తూచి, కొలిచి, వ్రాసి పెట్టుకొని, ఆ తరువాతనే నిర్ణయము చేయవలెనని చెప్పే ఆ శాస్త్రము నుండి, వాన ఎప్పుడు కురియునో ఎవరికిని తెలియని అనంతపురపు మెట్టకు ఆయన ప్రయాణము సాగినది.

గ్లాస్గో చదువు

మన్రో 1761 మే 27వ తేదీన స్కాట్లండు దేశమందలి గ్లాస్గో నగరమున జన్మించినాడు. తండ్రి అలెగ్జాండరు అమెరికాలోని వర్జీనియాతో పొగాకు వ్యాపారము చేసిన వర్తకుడు. చిన్ననాడే తట్టు సోకి థామస్‌కు వినికిడి కొంత తగ్గినది. ఆ లోపము జీవితాంతము విడువలేదు. పదమూడవ యేట ఆయన గ్లాస్గో విశ్వవిద్యాలయమున చేరి మూడేండ్లు చదివినాడు. అక్కడ ఆయనను ఆకర్షించినవి రెండు: గణితము, రసాయన శాస్త్రము.

ఆనాటి గ్లాస్గో రసాయన శాస్త్రమునకు పుట్టినిల్లు వంటిది. మంచు కరుగునప్పుడు వేడిని లోలోపల దాచుకొనునని కనుగొన్న జోసెఫ్ బ్లాక్ కొంతకాలము క్రితము వరకు అక్కడనే బోధించినాడు. ఆయన శిష్యుడు విలియం ఇర్విన్ మన్రో చదివిన రోజులలో ఆ పాఠములను చెప్పుచుండెడివాడు. కంటికి కనబడని వేడిని సైతము కొలతకు తెచ్చిన గురుపరంపర అది. మన్రోకు పుస్తకముల మీద కూడ అంతే మక్కువ. సెర్వాంటిస్ వ్రాసిన డాన్ కిహోటే కథను మూలములో చదువవలెనని, గురువు సాయము లేకుండ నిఘంటువును పట్టుకొని స్పానిషు భాష నేర్చినాడు.

అయితే అమెరికా వలసలు యుద్ధమునకు దిగి 1776లో స్వాతంత్ర్యము ప్రకటించినవి. వర్జీనియా వ్యాపారము దెబ్బతిన్నది. తండ్రి సర్వస్వము కోల్పోయినాడు. వర్తకుని కొట్టులో లెక్కలు వ్రాయుటకు కుదిరిన కుమారునికి ఇక శాస్త్రాధ్యయనము అందని పండయినది. తూర్పు ఇండియా కుంఫిణీ సైన్యములో చిన్న ఉద్యోగము సంపాదించుకొని, 1780 జనవరిలో ఆయన మద్రాసు రేవున దిగినాడు. అప్పటికి ఆయనకు పందొమ్మిదేండ్లు కూడ నిండలేదు. ఎక్కడనో అమెరికాలో రగిలిన యుద్ధము, ఒక రసాయన శాస్త్ర విద్యార్థిని తెచ్చి తెలుగు నేల వాకిట నిలిపినది.

సిపాయి నుండి కలెక్టరు వరకు

ఆయన వచ్చిన యేడే హైదరాలీ కర్ణాటకము మీద విరుచుకుపడినాడు. తొలి పన్నెండేండ్లు మన్రోకు యుద్ధములతోను, చాలీచాలని జీతముతోను గడచినవి. ఆ జీతములోనే కొంత మిగిల్చి తల్లిదండ్రులకు పంపుచుండెడివాడు. తీరిక వేళలలో పారశీకము, హిందుస్తానీ నేర్చినాడు. షేక్స్పియరు నాటకములోని షైలాకు కథను పోలిన కథ ఒకటి పారశీకమున కనబడగా దానిని ఇంగ్లీషు చేసి పంపినాడు.

1792లో టిప్పు సుల్తాను వద్ద నుండి బారామహలు కుంఫిణీ చేతికి వచ్చినది. నేటి సేలం, ధర్మపురి ప్రాంతమది. దొరలలో అక్కడి భాషలు ఎరిగినవారు అరుదు. అందుచేత కర్నల్ రీడ్ అనే సైనికాధికారికి ఆ సీమను అప్పగించి, సహాయకులుగా మరి ముగ్గురు సైనికులను ఇచ్చినారు. వారిలో మన్రో ఒకడు. నడుమ జమీందారు గాని గుత్తదారు గాని లేకుండ, సాగు చేయు రైతుతోనే సర్కారు నేరుగా లెక్క చూచుకొను పద్ధతి అక్కడ రూపుదిద్దుకొన్నది. రైత్వారీకి మూలపురుషుడు రీడ్. దానిని పెంచి పెద్దచేసినవాడు మన్రో. ఈ భేదమును విద్యార్థులు గుర్తుంచుకొనుట మంచిది.

1799లో శ్రీరంగపట్టణము పడిన తరువాత మన్రోను కెనరా తీరమునకు పంపినారు. అక్కడ వాన ఎడతెగదు. ఆ ముసురు, ఆ అడవికొండలు ఆయనకు సరిపడలేదు. తనను మెట్టసీమకు మార్చుమని తానే కోరుకొన్నాడు. కోరిక తీరినది. నాలుగు చినుకులకై మొగము వాచిన సీమకే ఆయన వచ్చి చేరినాడు.

గుడారపు కాపురము

1800 అక్టోబరు 12వ తేదీన నిజాము కుంఫిణీతో సంధి చేసికొన్నాడు. తన రక్షణకై ఉంచిన సైన్యపు ఖర్చునకు బదులుగా, మైసూరు యుద్ధములలో తన వాటాకు వచ్చిన సీమను కుంఫిణీకి వదలుకొన్నాడు. ఇచ్చివేయబడినవి గనుక వీనికి దత్తమండలములని పేరు వచ్చినది. 1928లో నంద్యాల సభలో రాయలసీమ అను పేరు స్థిరపడు వరకు ఆ పేరే నిలిచినది. కడప, బళ్ళారి ప్రాంతములును, నాడు బళ్ళారిలో చేరియుండి 1882లో వేరు జిల్లా అయిన అనంతపురమును అందులోనివే. ఈ సీమకంతటికి ముఖ్య కలెక్టరుగా వచ్చిన మన్రో అనంతపురమును తన ముఖ్యస్థానము చేసికొన్నాడు.

ఇది రెండు ఋతుపవనములకును ఎడమైన నేల. నైరుతి మేఘములు పడమటి కనుమల మీదనే బరువు దించుకొని వట్టి చేతులతో వచ్చును. ఈశాన్యపు వానలు తూర్పు తీరమున కురిసి, ఇక్కడికి చేరునప్పటికి అలసిపోవును. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు మించని వాన. ఆ సగటు కూడ కాగితము మీద మాట. పెన్న, చిత్రావతి పేరుకు నదులే గాని ఏడాదిలో చాల కాలము ఇసుక దారులు. బుక్కరాయసముద్రము వంటి పూర్వరాజుల చెరువులే ఇక్కడి జీవగఱ్ఱలు.

మన్రో వచ్చునప్పటికి సీమ అరాచకముగా ఉండినది. సుమారు 80 మంది పాలెగాండ్రు తమ తమ కోటలలో, బురుజులలో కూర్చుండి పన్నులు తీయుచుండిరి. ఒకే పంటకు ఇద్దరు ముగ్గురు దొరలు పాలు అడుగుచుండిరి. మన్రో సైన్యము సాయముతో వారిని అణచినాడు. కొందరిని సీమ దాటించినాడు, కొందరికి భత్యము ఏర్పరచినాడు. ఆ పనిలో ఆయన కఠినముగానే ప్రవర్తించినాడు. లండనులోని కుంఫిణీ డైరెక్టర్లే దానిని ఆక్షేపించినారు. ఆయనను కీర్తించునప్పుడు ఈ సంగతిని దాచరాదు.

తరువాత ఆయన గుడారమే ఇల్లుగా ఊరూర తిరిగినాడు. గ్రామములోని రెడ్డిని, కరణమును, రైతులను చెట్టు క్రింద కూర్చుండబెట్టుకొని లెక్కలు విన్నాడు. వినికిడి తక్కువైన ఆ మనిషికి రైతులు చెప్పునది వినుటకు ఓపిక మాత్రము తక్కువ కాలేదు.

గొలుసు, గుంట, శిస్తు

1802లో భూముల కొలత ప్రారంభమైనది. 33 అడుగుల గొలుసు దానికి సాధనము. ఆ గొలుసు పొడవు, అంతే వెడల్పు గల నేల ఒక గుంట. నలుబది గుంటలు ఒక ఎకరము. నేటికిని గుంటల లెక్క మన పొరుగు సీమలలో వాడుకలో ఉన్నది. గొలుసు పట్టినవారు దేశీయులైన గుమాస్తాలు. ఒకరు కొలిచినదానిని మరియొకరు తనిఖీ చేయుదురు. కొలత తరువాత నేల గుణము నిర్ణయింపబడును: నల్లరేగడియా, ఎఱ్ఱనేలయా, గరుసా, మెట్టయా, మాగాణియా, బావి క్రింది తోటయా? గ్లాస్గోలో పదార్థములను వర్గములుగా విడదీసిన చదువు, ఇక్కడ నేలను తరములుగా విడదీయుటకు తోడ్పడినదని అనుకొనుట తప్పు కాదు.

కాని సీసాలోని పదార్థమునకును, చేనిలోని పైరునకును భేదమున్నది. నేల విస్తీర్ణమును కొలువవచ్చును, గుణమును అంచనా వేయవచ్చును. వాన ఎవరి గొలుసునకును అందదు. మంచి యేడు పండిన చేనికి వేసిన శిస్తు, వాన లేని యేడు రైతు మెడకు ఉరియగును. కొలత అయిన తరువాత మన్రోకు ఈ సత్యము బోధపడినది. సర్వే ప్రకారము విధించిన శిస్తు పంటలో సుమారు నూటికి 45 పాళ్ళు సర్కారునకే తీసికొనుచున్నదని ఆయన తన లెక్కలలోనే చూచినాడు.

ఇచ్చట మరియొక లెక్క కూడ చెప్పక తప్పదు. ఆయన ఏడేండ్ల అధికారములో దత్తమండలముల శిస్తు రాబడి యేటికి సుమారు 4 లక్షల పౌండ్ల నుండి 6 లక్షల పౌండ్లకు పెరిగినది. శాంతి నెలకొని సాగు పెరిగినందున కొంత, గట్టిగా వసూలు చేసినందున కొంత. కుంఫిణీకి ఆయన చేసి పెట్టిన లాభము అది. యజమానికి ఇంత రాబడి పెంచి చూపిన సేవకుడు సాధారణముగా బహుమతి అడుగును. మన్రో అడిగినది వేరు.

1807 ఆగస్టు 15వ తేదీన పంపిన నివేదికలో, తాను వేయించిన శిస్తును తానే తగ్గింపుమని ఆయన కోరినాడు. భూములన్నిటి మీదను నూటికి 25 వంతులు తగ్గింపవలెను. చెరువుల, బావుల క్రింది భూములకు దానిపై మరి 8 వంతులు తగ్గింపవలెను. అట్లయిన సర్కారు భాగము పంటలో మూడవ వంతునకు దిగును, రైతునకు మిగులు కొంత ఉండును, మిగులు ఉన్న భూమికే విలువ ఏర్పడును, విలువ ఏర్పడిన భూమిని రైతు తనదిగా భావించి బాగుచేసికొనును. ఇది ఆయన వాదము. పరీక్ష చేసిన ఫలితము తన మొదటి అంచనాకు విరుద్ధముగా వచ్చినప్పుడు, అంచనాను దిద్దుకొనువాడే నిజమైన శాస్త్రజ్ఞుడు. రసాయన శాస్త్రమును వదలి ముప్పదేండ్లయినను, మన్రోలోని ఆ విద్యార్థి చావలేదు.

పదమూడేండ్ల విరామము

ఆ కోరిక నెరవేరలేదు. 1807లో మన్రో స్వదేశమునకు వెళ్ళినాడు. మద్రాసులోని పై అధికారులు రైత్వారీనే ప్రక్కకు నెట్టి, గ్రామములను మొదట మూడేండ్లకు, పిదప పదేండ్లకు గుత్తకు ఇచ్చినారు. రాబడి మీది ఆశ వారిది. గుత్తదారులు తాము ఒప్పుకొన్న పైకము కొరకు రైతులను పిండినారు. వానలు తప్పినప్పుడు వారే దివాలా తీసినారు. చెరువు గట్టునకు మట్టి వేయించు నాథుడు లేకపోయినాడు. ఉన్నది ఉన్నట్లు చెప్పిన నివేదిక ఒకటి బీరువాలో ఉండిపోయినంత కాలము, దాని ఫలితము పొలములలో అనుభవించినవారు పేరులేని జనులు.

మన్రో ఇంగ్లండులో ఊరకుండలేదు. 1813లో పార్లమెంటు ముందు సాక్ష్యమిచ్చుచు, ఈ దేశపు వ్యవసాయమును, చేతిపనులను, ప్రతి గ్రామమున చదువు, లెక్కలు నేర్పు బడులను మెచ్చుకొని చెప్పినాడు. 1814లో జేన్ క్యాంప్‌బెల్‌ను వివాహమాడి, న్యాయస్థానముల సంస్కరణకై మద్రాసునకు మరల వచ్చినాడు. గ్రామ మునసబులకు, పంచాయతీలకు అధికారము కల్పించిన 1816 నాటి శాసనములు ఆ కృషి ఫలితములు. 1820 జూనులో ఆయన మద్రాసు గవర్నరు అయినాడు. దత్తమండలములలో రైత్వారీ మరల నెలకొన్నది. ఆయన కోరిన తగ్గింపు అమలులోనికి వచ్చినది. అనంతపురపు గుడారములో తెలిసికొన్న సత్యమును ఆజ్ఞగా మార్చుటకు, ఆయనకు పదమూడేండ్లును, గవర్నరు పదవియు కావలసివచ్చినవి.

వీధిబడుల లెక్క

ఉపాధ్యాయులు ఆయనను స్మరించుటకు మరియొక కారణమున్నది. 1822లో ఆయన రాజధానిలోని బడులన్నిటిని లెక్కింపుమని కలెక్టర్లను ఆజ్ఞాపించినాడు. ఎన్ని బడులు, ఎందరు పిల్లలు, ఏ భాష, ఏ పుస్తకములు? కొలువనిదే ఏమియు తలపెట్టని ఆయన స్వభావము ఇక్కడను కనబడును. లెక్క తేలినది: 1,28,50,941 మంది జనాభాకు 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు. బడియీడు మగపిల్లలలో నాలుగవ వంతు బడిలోను, ఇండ్లలో చదువుకొనువారిని కూడ కలిపిన మూడవ వంతునకు దగ్గరగాను విద్యావంతులగుచున్నారని ఆయన అంచనా.

అనంతపురమును కలుపుకొన్న నాటి బళ్ళారి జిల్లాలో 533 బడులు ఉండినవి. అందు కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. విద్యార్థులు 6,641 మంది. వారిలో ఆడపిల్లలు 60 మంది మాత్రమే. ఈ లెక్క పంపిన కలెక్టరు ఎ. డి. క్యాంప్‌బెల్, తెలుగు వ్యాకరణమును ఇంగ్లీషున వ్రాసినవాడు. జనుల పేదరికము వలన బడులు క్షీణించుచున్నవనియు, సీమగుడ్డ దిగుమతితో నేతపని దెబ్బతినుట ఆ పేదరికమునకు ఒక కారణమనియు ఆయన దాచక తెలియజేసినాడు. తన ప్రభుత్వమునకు ఇంపు కాని మాట వ్రాయగల కలెక్టరు ఉండినాడనిన, అడిగిన గవర్నరు ఎట్టివాడో ఊహింపవచ్చును.

1826 మార్చిలో మన్రో ఒక పథకము ప్రతిపాదించినాడు. కలెక్టరేట్లలో 40 పెద్ద బడులు, తాలూకాలలో 300 బడులు పెట్టవలెను. పెద్ద బడి ఉపాధ్యాయునికి నెలకు 15 రూపాయలు, తాలూకా బడి ఉపాధ్యాయునికి 9 రూపాయలు సర్కారు ఇయ్యవలెను. పుస్తకముల ముద్రణతో కలిపి ఏడాదికి మొత్తము 48,000 రూపాయలు. అంత పెద్ద రాజధానికి ఇది ఏపాటి మొత్తము? అయినను ఆయన మరణానంతరము ఆ బడులలో కొన్ని మాత్రమే తెరువబడి, పదేండ్లలోనే మూతపడినవి.

కుంఫిణీ ఉద్యోగులు దేశభాషలు నేర్వవలెనని గవర్నరుగా ఆయన చేసిన ఉద్బోధ, అప్పుడు యువకుడైన సి. పి. బ్రౌను మనసున నాటుకొన్నదని ప్రతీతి. పెద్ద ఉద్యోగముల నుండి దేశీయులను దూరముగా ఉంచుట వారి శీలమునకే హానియని 1824 నాటి తన నివేదికలో మన్రో స్పష్టముగా వ్రాసినాడు. అయితే దేశీయ పత్రికలకు స్వేచ్ఛ ఇచ్చుటకు మాత్రము ఆయన సమ్మతింపలేదు. ప్రజల మేలు కోరినాడు గాని, ప్రజల చేతికి పగ్గములు ఇయ్యలేదు. ఆయన హద్దు అది.

పత్తికొండలో చివరి రోజు

1827లో పదవీకాలము ముగిసినది. చిన్న కుమారుని ఆరోగ్యము బాగుండక భార్య ముందుగానే స్వదేశమునకు ప్రయాణమైనది. ఆయన కూడ ఓడ ఎక్కవలసినవాడే. కాని దత్తమండలములను కడసారి చూచి పోవలెనని బయలుదేరినాడు. జూలై 4వ తేదీన గుత్తి చేరినాడు. పరివారములో కలరా పొడసూపినది. 6వ తేదీన పత్తికొండలో ఉదయము ఆయనకు సోకినది. రాత్రికి ప్రాణము పోయినది. వయస్సు అరువదియారు. మరునాడు గుత్తి కొండ పాదమున సమాధి చేసినారు. 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ ప్రార్థనాలయమునకు తరలించినారు.

పత్తికొండలో ఆయన జ్ఞాపకార్థము ఒక బావి త్రవ్వించి తోపు వేయించినారు. గుత్తిలో సత్రము కట్టించినారు. మద్రాసులో షాంట్రీ అను ప్రఖ్యాత శిల్పి మలచిన అశ్వారూఢ విగ్రహము 1839లో నిలిచినది. జీను, అంకెవన్నెలు లేని ఆ గుఱ్ఱమును నేటికిని బాటసారులు వింతగా చూచుదురు. జనులు కట్టుకొన్న స్మారకములు వేరు. మంత్రాలయమున రాఘవేంద్రస్వామి ఆయనతో మాటలాడినాడనియు, పాపఘ్ని గండిలో పుణ్యాత్ములకు గాని కనబడని బంగారు తోరణము ఆయనకు కనబడినదనియు చెప్పుకొందురు. తిరుమలలో మన్రో గంగాళము పేర నైవేద్యము నేటికిని ప్రసిద్ధము. ఇవి చరిత్రకు సాక్ష్యములు కాకపోవచ్చును. జనుల హృదయమునకు మాత్రము సాక్ష్యములే.

మన్రో వలన కరవు తీరలేదు. ఆయన పోయిన అర్ధశతాబ్దమునకు, 1876–78 నాటి ధాత కరవు ఈ సీమను శ్మశానము చేసినది. శిస్తు తగ్గించినంతమాత్రమున వాన కురియదు; రొక్కముగా కట్టవలసిన శిస్తు వాన లేని యేట కూడ తలుపు తట్టక మానలేదు. పరాయి వ్యాపారసంస్థకు పన్ను పోగుచేసిన ఉద్యోగిగా ఆయన చేయగలిగినది కొంతయే.

అయినను రైతు ఆయన పేరు బిడ్డకు పెట్టుకొన్నాడు. తన చేను ఎంతయో, ఎట్టిదో చూచుటకు చేని వద్దకు వచ్చిన మొదటి దొర ఆయన. వచ్చి చూచి, తన లెక్క ఎక్కువైనదని తానే ఒప్పుకొన్న దొర కూడ ఆయనయే. ఈ రెండవది మొదటిదానికన్న కష్టము. తరగతి గదిలో తక్కెడ ముందు నిలిచిన విద్యార్థికి మనము నేర్పవలసినది కూడ ఇంతియే: కొలుచునప్పుడు చేయి వణకరాదు, తప్పు తేలినప్పుడు నోరు వెనుకాడరాదు. ఈసారి గుత్తి కొండ ఎక్కించుటకు పిల్లలను తీసికొని పోవు ఉపాధ్యాయులు, పైనున్న కోటతో పాటు కొండ పాదముననున్న ఆ నేలను కూడ వారికి ఒకసారి చూపింతురు గాక.